దగ్గుమందు

వంటింట్లో ఉన్నంతసేపూ రుచి చూడడమే కదా మన పని! పులుసులో ఉప్పు సరిపోయిందా, అరిసెలకి పాకం కుదిరిందా అని అరచేతిలో ఒక బొట్టు వేసుకుని నాలిక్కి తగిలించి చెప్పేస్తాం. నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నదాన్ని, మొన్న సంక్రాంతికి ఒక్క చెంచాడు రుచి చూసి వారం రోజులు నిద్ర పట్టక దొర్లాను. అదేమిటో చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకున్నా సరే, చెబుతాను.

మా అక్క కొడుక్కి ఐర్లండులో, డబ్లిన్ నగరంలో ఉద్యోగం. పండక్కి మా అమలాపురం వచ్చాడు. నాకో శాలువా, వాళ్ళ బాబాయికో సీసా తెచ్చాడు. విస్కీ!

“కంగారు పడకు పిన్నీ, ఖరీదైనదేం కాదు. అక్కడ మామూలు ఉద్యోగస్తులు కొనుక్కునేదే” అన్నాడు. నా కంగారు ఖరీదు గురించి అనుకున్నాడు పిచ్చి సన్నాసి.

మావారికి అలవాటు లేదు. పిల్లవాడు అంత దూరం నుంచి మోసుకొచ్చాడు, కాదనడం ఎందుకని హాల్లో అద్దాల బీరువాలో, ఏటికొప్పాక బొమ్మల పక్కన నిలబెట్టారు.

ఆ సీసాకి పెద్ద కథే ఉంది. దాని పేరు కిల్‌బెగ్గాన్. అది వెస్ట్‌మీత్ అనే జిల్లాలో చిన్న ఊరి పేరు. అక్కడి బట్టీకి 1757 నుంచీ చరిత్ర ఉంది. 1866లో బాయిలరు పాడైపోయి యజమానులు కొత్తది కొనలేకపోతే, ఊరివాళ్ళు తలా కొంచెం వేసుకుని కొనిచ్చారట. 1950ల్లో బట్టీ మూతపడింది. అయినా హక్కు పోకూడదని ఏటేటా లైసెన్సు రుసుము కడుతూ వచ్చారట. 1982లో ఊరివాళ్ళే పూనుకుని ఆ పాత కట్టడాన్ని బాగుచేసి మ్యూజియం చేశారు. చివరికి 2007లో, అంటే సరిగ్గా రెండువందల యాభై ఏళ్ళకి, అక్కడ మళ్ళీ పొయ్యి వెలిగింది.

మాల్టు చేసిన బార్లీతో తీసిన సరుకునీ, వేరే ధాన్యాలతో తీసిన తేలికపాటి సరుకునీ కలిపి దీన్ని తయారుచేస్తారట. ఎంత చవకదైనా కొయ్య పీపాల్లో కనీసం మూడేళ్ళు మాగి తీరాలని ఆ దేశపు చట్టం. కొత్తావకాయ మూడో రోజు దాకా ఆగలేని మా ఇంట్లో ఆ మాట చెబితే అందరం నవ్వాం.

వాడు చెబుతుంటే ముచ్చటేసింది. వెంటనే దూబగుంట గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో, రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఎక్కడికక్కడ ఆడవాళ్ళు సారా పాటలకి అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. అది 1997లో సడలిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

పొయ్యి ఆరిపోకూడదని ఒక ఊరు చందాలేసుకుంది. ఆరి తీరాలని ఇంకో ఊరు కొంగు బిగించింది. ఎవరిది ధర్మం? పోనీ ఆ దేశమే అంతా అనుకుందామా అంటే, 1838లో అక్కడి కార్క్ పట్నంలో ఫాదర్ మాథ్యూ అనే ఆయన తాగమని జనం చేత ఒట్టు వేయించడం మొదలుపెడితే లక్షల మంది వేశారు. మంచీ చెడూ దేశాలవారీగా పంచిపెట్టి లేవన్నమాట.

“ఇన్ని ప్రశ్నలెందుకు, ఒక్క చెంచాడు రుచి చూడు పిన్నీ” అన్నాడు వాడు. మావారు పేపరు చాటున నవ్వుకుంటున్నారు. చూశాను.

ముందు శొంఠి కషాయంలా గొంతు మండింది. ఆ మంట తగ్గాక ముదురుపాకం పట్టిన బెల్లంలాంటి తీపి, కొత్త బల్ల చెక్కలాంటి వాసన. నిజం చెప్పొద్దూ, బాగుంది. అదే నన్ను భయపెట్టింది. మగవాళ్ళు ఏదో చేదు విషాన్ని మొండితనం కొద్దీ మింగుతారని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. బాగుండేదాన్ని వద్దనుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆవిడ బీరువా తుడుస్తూ, “ఏంటండమ్మగారూ ఈ సీసా?” అంది.

ఆవిడ భర్త తాగి తాగి పోయి పన్నెండేళ్ళయింది. ఒకప్పుడు సారా పొట్లాలు, తరవాత ఏది దొరికితే అది. ఆ పొట్లాలకి ఏ ఊరి కథా లేదు. ఏ పీపాలోనూ మాగలేదు. ఆవిడ చెవి కమ్మలు, ఇంటి వెనకాల ఉన్న నాలుగు కొబ్బరి చెట్లు మాత్రం వాటిలో కరిగిపోయాయి.

“దగ్గుమందు” అన్నాను. నోటికి అలా వచ్చేసింది.

“మాయనా మందనే అనేవోడండి, ఆయ్” అని నవ్వి తుడుచుకుంటూ పోయింది.

ఆ వారం రోజులూ నన్ను నిద్రపోనివ్వనిది ఈ మాటే. చెంచాడు విస్కీ పెద్ద పాపమేమీ కాదు. తాగనిదే తీర్పు చెప్పకూడదా అంటే, అదీ కాదు. సారా సంగతి తాగినవాడికంటే, ఒక్క చుక్క ముట్టని వాడి ఇల్లాలికే ఎక్కువ తెలుసు. మరి నేనెందుకు దాచాను? అతను తాగితే వ్యసనం అన్న నోటితోనే, నేను చెంచా నాకి ‘రుచి’ అన్నాను. మధ్యలో తేడా ఏమిటి? అందమైన కాగితం, పాత సంవత్సరం, ఒక ముచ్చటైన కథ. తాగినా నష్టపోకుండా నిలదొక్కుకోగల ఇల్లు మాది కాబట్టి, దాన్ని బొమ్మల పక్కన పెట్టగలిగాం. ఆ సంగతి ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఒప్పుకోలేక అబద్ధమాడాను.

మావాడు తిరిగి వెళ్ళేటప్పుడు సీసా వాడి చేతికే ఇచ్చి పంపేశాను. వాడేం నొచ్చుకోలేదు. ఆ రోజే ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, “మొన్న నీతో అబద్ధం చెప్పాను. అది దగ్గుమందు కాదు” అన్నాను.

ఆవిడ కాఫీ ఊదుకుంటూ తాపీగా అంది:

“తెలుసండమ్మగారూ. దగ్గుమందు ఎవరన్నా అద్దాల బీరువాలో పెట్టుకుంటారేంటండీ?”