తుపాకియు ధర్మమును

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పిల్లవాడు ఆడుకొను బొమ్మతుపాకిని పరీక్షించుటకు వినియోగవస్తువుల భద్రతాసంఘమునకు అధికారము కలదు. కాని 1972లో ఆ సంఘమును స్థాపించిన శాసనమే నిజమైన తుపాకిని దాని పరిధినుండి తప్పించినది. బొమ్మకు గల పరీక్ష ప్రాణము తీయు వస్తువునకు లేదు! కేంద్రము విడిచిన యీ భారమును కొన్ని రాష్ట్రములు తలకెత్తుకొన్నవి. రాజ్యము నియమము విధించినంత మాత్రమున చేయువాని ధర్మమును, కొనువాని ధర్మమును తీరిపోవునా? ఇదియే మనము విచారింపవలసిన ప్రశ్న.

1999లో కాలిఫోర్నియా చేసిన చట్టము 2001లో అమలులోనికి వచ్చినది. సుమారు ఒక మీటరు ఎత్తునుండి గచ్చుపై పడినను తనంతట ప్రేలని చేతితుపాకులే, పలుమారులు కాల్చినను చెడనివే, రాష్ట్రపు పట్టిక కెక్కును. పట్టికలో లేని క్రొత్త తుపాకిని వర్తకుడు సామాన్యునకు అమ్మరాదు. నేతిలో కల్తీని నిషేధించు రాజ్యము జారిపడినంతనే ప్రేలు తుపాకిని నిషేధించుట అన్యాయమని యెవ్వరనగలరు?

ఐనను నియమము పెరుగుకొలది చిక్కులును పెరిగినవి. ప్రేలిన తూటాతొడుగుపై తుపాకి గుర్తు సూక్ష్మముగా ముద్రపడవలెనని 2007లో మరియొక చట్టము పుట్టినది. 2013లో అది అమలునకు రాగా, మరుసటి యేడు స్మిత్ అండ్ వెస్సన్, స్టర్మ్ రూగర్ సంస్థలు అట్టి ముద్రగల తుపాకులను చేయబోమని ప్రకటించినవి. కొనువానికి పాత నమూనాలే మిగిలినవి. 2023లో న్యాయస్థానము ఆ ముద్రనియమపు అమలును నిలిపినది. ఇంతకన్న విచిత్రమేమనగా, రక్షకభటులకు ఆ పట్టిక అడ్డుకాదు. సామాన్యుని చేత అపాయకరమైన వస్తువు భటుని నడుమున నిరపాయమగునా? తన సేవకులను మినహాయించు శాసనము తన గౌరవమును తానే తగ్గించుకొనుచున్నది.

న్యూజెర్సీ కథ యింకను శోచనీయము. యజమాని చేతిలో మాత్రమే ప్రేలు తుపాకి దేశమున నెచ్చటనైనను అమ్మకమునకు వచ్చినచో, కొంతకాలమునకు తమ రాష్ట్రమున అట్టివే అమ్మవలెనని 2002లో శాసించిరి. 2014లో మేరీలాండున ఒక వర్తకుడు అట్టిదానిని అమ్మజూపగా, ఆ నిర్బంధమునకు వెరచినవారు అతనిని బెదిరించిరి; అతడు వెనుదీసెను. మేలు కోరిన చట్టమే మేలునకు అడ్డమైనది. 2019లో ఆ నిర్బంధమును తొలగించి, వర్తకుడు అట్టి తుపాకి నొకదానిని అమ్మకమునకు ఉంచవలెనని మార్చుకొనిరి.

ఇట్లని తప్పంతయు శాసనకర్తలదే యనుట న్యాయము కాదు. 2000లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ తుపాకులకు తాళములు అమర్చుట మొదలగు నియమములకు కేంద్రప్రభుత్వముతో ఒడంబడిక చేసికొనగా, కొనువారే దానిని బహిష్కరించిరి. 1987లో సుమారు 11 కోట్ల డాలర్లకు కొన్న ఆ సంస్థను ఆంగ్లేయ యజమానులు 2001లో ఒకటిన్నర కోటికి అమ్ముకొనిరి. మంచిత్రోవ త్రొక్కిన కార్ఖానాదారుని శిక్షించినది రాజ్యము కాదు, జనము.

ఆత్మరక్షణకై ఇంట చేతితుపాకి నుంచుకొను హక్కు గృహస్థునకు గలదని అచ్చటి అత్యున్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పినది. సరియే. కాని హక్కు ఉన్నదనుట, తాళము వేయ నక్కరలేదనుట కాదు. శాసనము సాధ్యమైనదానినే కోరవలెను. కోరినదానిని అందరినుండియు కోరవలెను. అప్పుడు చేయువానికి సాకు మిగులదు. ఐనను మేజాసొరుగు తెరచియుంచుటయో, మూయుటయో రాజధానిలో నిర్ణయమగునది కాదు. ఆ యింటివాని చేతిలోనే యున్నది.

కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో మన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. బిడ్డ పొరుగింటికి ఆడుకొనబోవునపుడు, "మీ యింట తుపాకి కలదా? తాళము వేసియున్నదా?" యని యడుగుటకు మనవారికి మొగమాటము. భోజనమునకు పిలిచిన యింట నెయ్యి మంచిదేనాయని యడుగుట అమర్యాద కావచ్చును. బిడ్డ ప్రాణమును గూర్చి యడుగుట అమర్యాద కాదు. ఏ శాసనసభయు మనకు బదులుగా ఆ ప్రశ్న నడుగజాలదు.