మెట్టు కాని పరిచర్య

పాఠము: అపొస్తలుల కార్యములు 6:1-6

యెరూషలేము సంఘము విస్తరించుచున్న దినములలో దానిలో పుట్టిన సణుగు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. గ్రీకు భాష మాటలాడు యూదుల విధవరాండ్రు అనుదిన పరిచర్యలో మరువబడిరి. అపొస్తలులు ఆ ఫిర్యాదును త్రోసివేయక, ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘముతో చెప్పిరి. ఆ యేడుగురి పేర్లను వరుసగా చదివిన యెడల ఒక విశేషము కనబడును. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు అన్నియు గ్రీకు పేర్లే. ఎవరి విధవరాండ్రకు అన్యాయము జరిగెనో, వారి భాష ఎరిగినవారి చేతికే పంపకము అప్పగింపబడినట్లున్నది.

వాక్యము మాని ఆహారము పంచుట తమకు తగదని అపొస్తలులు చెప్పిన మాటను పట్టుకొని, పంచుట తక్కువ పని అనువారు కలరు. తక్కువ పనియైనచో ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని వెదకనేల? ప్రార్థన చేసి వారిమీద చేతులుంచనేల? తెలుగు బైబిలులో మొదటి వచనమున ఆహారము పంచుట పరిచర్యయే, నాలుగవ వచనమున వాక్యము బోధించుటయు పరిచర్యయే. మూలభాషలోను రెండింటికి ఒకే మాట. డీకను అను పేరును ఆ మాటకు చెందినదే.

అయినను శతాబ్దములు గడచిన కొలది, ఈ సేవ పాశ్చాత్య సంఘములలో గురుత్వమునకు ఎక్కు మెట్టుగా మారెను. తెలుగు బాప్తిస్టు సంఘములలో డీకను సంఘస్థులలోనుండి ఎన్నుకొనబడిన పెద్ద. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములోనైతే ప్రెస్బితరు కాబోవువాడు మొదట డీకనుగా హస్తనిక్షేపణము పొందును. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘమునందును గురువు కాగోరువారు కనీసము ఆరు మాసములు డీకనులుగా ఉండవలెను. అయితే అచ్చట జీవితాంతము డీకనులుగానే నిలుచువారును కలరు. 1970 నుండి స్త్రీలును ఈ సేవలో ప్రవేశించిరి. వీరిలో అనేకులు వేరొక వృత్తివలన జీవించుచు, సంఘమునుండి జీతము లేకయే పనిచేయుదురు.

ఆదివారమున డీకను ఎడమ భుజము మీదుగా ఏటవాలుగా పట్టీ ధరించి సువార్త పాఠము చదువును, ప్రభువు బల్ల సిద్ధపరచును, ఆరాధన ముగిసినప్పుడు జనులను లోకములోనికి పంపివేయును. వారము దినములలో ఆ డీకనే ఆసుపత్రిలోను చెరసాలలోను కనబడును. వీధిలో చూచిన అక్కరలను సంఘమునకు తెలియజేయుటయు డీకను బాధ్యతయేనని 1979 నాటి వారి ప్రార్థన పుస్తకము నిర్దేశించుచున్నది. అన్నిటిలో ఇదియే కష్టమైన పని. దానము చేయు సంఘములు అనేకము. వీధి చెప్పునది వినగోరు సంఘములు కొన్నియే.

ఇట్టి పరిచర్యకు ఎపిస్కోపల్ సంఘ చరిత్రలో డేవిడ్ పెండిల్టన్ ఓకర్‌హేటర్ సాక్షిగా నిలుచుచున్నాడు. ఆయన అమెరికా ఆదివాసులైన షయెన్ జాతి యోధుడు. 1875లో అమెరికా సైన్యము ఆయనను విచారణ లేకయే ఫ్లోరిడాలోని మేరియన్ కోటకు బందీగా పంపెను. మూడేండ్లకు చెర విడిచి, న్యూయార్క్ రాష్ట్రములో బాప్తిస్మము పొందెను. తన్ను బంధించినవారి జాతియే తనకు సువార్త చెప్పినది. ఈ చేదును చిన్నదిగా ఎంచరాదు. 1880లో భార్య మరణించెను. 1881లో డీకనుగా హస్తనిక్షేపణము పొంది, ఆ యేడే తన జనుల యొద్దకు తిరిగి వెళ్లెను.

తోడు వచ్చిన గురువు 1884లో అనారోగ్యమువలన మరలిపోయెను. ఆ తరువాత కొంతకాలము ఆ ప్రాంతమున ఎపిస్కోపల్ సంఘపు అభిషిక్త సేవకుడు ఈ డీకను ఒక్కడే. డీకను ప్రభురాత్రి భోజన సంస్కారమును స్వయముగా జరిగింపజాలడు. చేయగలిగినవి రోగులను దర్శించుట, మృతులను పాతిపెట్టుట, షయెన్ భాషలో సువార్త చెప్పుట. వాటినే ఆయన చేసెను. యెరూషలేములో వలెనే ఇచ్చటను ఆ జనుల భాష ఎరిగినవానికే పని అప్పగింపబడెను. 1918లో విశ్రాంతి వేతనము లభించిన తరువాతను ఆయన సేవ మానలేదు.

1931లో ఆయన ప్రభువునందు నిద్రించెను. హస్తనిక్షేపణము పొంది అప్పటికి ఏబది సంవత్సరములు. 1985లో ఎపిస్కోపల్ సంఘము తన పరిశుద్ధుల జ్ఞాపకదినముల పట్టికలో ఆయనను చేర్చి, సెప్టెంబరు 1వ తేదీని కేటాయించెను. ఆ పట్టికలో ఆయన పేరు ప్రక్కనున్నది డీకను అను మాటయే.