పేరు పక్కన రెండు

1989లో క్యాప్‌కామ్ 'స్ట్రైడర్' అనే ఆర్కేడ్ గేమ్ తెచ్చింది. హీరో హిర్యూ చేతిలో ఒక కత్తి, గోడలూ పైకప్పులూ పట్టుకుని పాకే నేర్పు. ఆటంతా ఈ రెండింటి మీదే నడుస్తుంది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని యు.ఎస్. గోల్డ్, క్యాప్‌కామ్ దగ్గర లైసెన్స్ తీసుకుని, హోమ్ కంప్యూటర్ల కోసం 'స్ట్రైడర్ 2' తెచ్చింది. తయారుచేసింది టైర్‌టెక్స్. హీరోకి తుపాకీ వచ్చింది. పెద్ద శత్రువు ఎదురైతే రోబోగా మారిపోతాడు. 1999లో క్యాప్‌కామ్ ఇంకో 'స్ట్రైడర్ 2' తనే చేసుకుంది, ఆ పాతది అసలు లేనట్టే.

ఎమ్యులేటర్‌లో ఆడుతుంటే నాకు ఎవరో హిర్యూ బట్టలు వేసుకొచ్చినట్టు అనిపించింది. కానీ అనుమతి ఉంది, కాగితాలున్నాయి. మరి తప్పెక్కడ?

మా రాజమండ్రికి ఈ ప్రశ్న పాతదే. రాజరాజనరేంద్రుడి కోసం ఇక్కడ భారతం మొదలుపెట్టిన నన్నయ అరణ్యపర్వం మధ్యలో, శరత్కాలపు రాత్రి దగ్గర ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో నెల్లూరు తిక్కన ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. తన నడకలో రాశాడు, తన హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. ఆ తర్వాత ఎర్రన ఖాళీ పూరించాడు. నన్నయ వదిలిన శరత్తులోనే మొదలుపెట్టాడు, రాత్రి తెల్లవారుతున్నట్టుగా. అంకితం మాత్రం తనను పోషించిన ప్రోలయ వేమారెడ్డికి కాదు, మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడికి.

ఇద్దరికీ నన్నయ అనుమతి లేదు. అయినా ఇద్దరినీ వారసులనే అంటాం. కాబట్టి మార్చడం తప్పు కాదు, తిక్కన ఎంత మార్చాడో చూడండి. నాకు తోచేది ఇది: పాత పని ఏమి అడుగుతోందో ముందు విని, ఆ తర్వాత తన దారి ఎంచుకున్నవాడు వారసుడు. ఒకరు తన గొంతు నిలబెట్టుకున్నారు, ఇంకొకరు తగ్గించుకున్నారు. ఇద్దరూ విన్నారు.

టైర్‌టెక్స్‌వాళ్లు మొదటి స్ట్రైడర్‌ని కూడా ఇళ్లకి చేర్చినవాళ్లే, అంటే దాని లోపలి సంగతులు తెలిసినవాళ్లే. అందుకే ఆ తుపాకీ నాకు మరీ బాధ కలిగిస్తుంది. కత్తి ఉన్నవాడు శత్రువు దగ్గరికి వెళ్లక తప్పదు. ఆ ఆట ధైర్యమంతా అక్కడే ఉంది. తుపాకీ ఇచ్చి ఆ అవసరం తీసేశారు.

లైసెన్స్ పేరు వాడుకోనిస్తుంది. ఆ పేరుని నమ్మి వచ్చినవాళ్లకి ఏం బాకీ పడ్డామో అందులో రాయరు. ఇప్పుడు ప్రతి హిట్ సినిమా పక్కనా ఒక 2 వేస్తున్నారు. టికెట్ కొనే ముందు నేను అడిగేది ఒకటే: మొదటిదాన్ని వీళ్లు విన్నారా?