అడిగి తెలుసుకొన్న ప్రభువు

ధ్యాన భాగము: మార్కు సువార్త 10:46-52



యెరికో దారి ప్రక్కన కూర్చున్న బర్తిమయి సంగతి మనకు ఆదివారపు బడి నాటినుండి తెలిసినదే. ప్రభువు అటుగా వెళ్తున్నాడని విని అతడు కేకలు వేశాడు. జనులు నోరు మూసుకోమని గద్దించారు. ప్రభువు నిలిచిపోయి అతనిని పిలిపించాడు. అతడు వచ్చిన వెంటనే స్వస్థపరచలేదు. మొదట, తనవలన ఏమి కావాలని అతనినే అడిగాడు.

ఈ ప్రశ్న ఎందుకు? చూపు లేనివానికి ఏమి కావాలో ఆ గుంపులోని చిన్నపిల్లలకైనా తెలుసు. సర్వమెరిగిన ప్రభువుకు తెలియదా? తెలిసియే అడిగాడు. అంతవరకు అందరూ అతని నోరు మూయించారు. ప్రభువు ఆ నోటి మాట కొరకు కనిపెట్టుకొని నిలిచాడు.

కర్ణాటకలో స్థిరపడిన మన కుటుంబములలోని ఒక విద్యార్థిని, సాంఘిక సేవ చదువులో భాగముగా, చూపు లేనివారి కొరకు పనిచేసే ఒక సంస్థలో కొన్ని వారములు పనిచేసింది. తిరిగి వచ్చి యౌవనస్థుల కూడికలో ఆమె చెప్పిన సంగతులు ఈ వాక్యభాగమును నాకు మరింత తేటపరచినవి. వాటిని మీ ముందుంచుతున్నాను.

1. మొదట అడగవలెను

మొదటి రోజున మెట్ల దగ్గర నిలిచియున్న ఒక పెద్దాయనను చూచి, ఆమె పరుగున వెళ్లి చేయి పట్టుకొని లాగింది. ఆయన కోపపడలేదు. "అమ్మాయీ, నన్ను లాగవద్దు. నీ చేయి నాకివ్వు, నేను పట్టుకుంటాను" అన్నాడు. ఆమె మోచేతికి కొంచెము పైన పట్టుకొని, అర అడుగు వెనుకగా నడిచాడు. ముందు నడిచేవారు మెట్టు ఎక్కుతున్నారో దిగుతున్నారో ఆ చేతి కదలికను బట్టి ఆయనకు తెలిసిపోతుంది. లాగబడేవానికి ముందున్నది ఏదియు తెలియదు.

భోజనము దగ్గరను అంతే. కంచమును గడియారముగా ఎంచి, అన్నము ఆరు గంటల దగ్గర, పప్పు మూడు గంటల దగ్గర ఉన్నదని చెప్తే చాలు, ఆయన తానే కలుపుకొని తింటాడు. గదిలోనికి వచ్చినప్పుడు మన పేరు చెప్పవలెను. వెళ్లేటప్పుడు వెళ్తున్నామని చెప్పవలెను. లేనియెడల ఆయన ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతాడు. గ్రుడ్డివాని ఎదుట అడ్డము వేయకూడదని లేవీయకాండము 19:14 ఆజ్ఞాపించుచున్నది. అడగకుండా చేసే ఉపకారము కూడ ఒక్కొక్కసారి అడ్డుగా మారును.

2. నోరు మూయించిన గుంపు

బర్తిమయిని గద్దించినవారు ప్రభువుకు శత్రువులు కారు. ఆయనతో కలిసి నడుస్తున్నవారే! ఇది మనము భయముతో ఆలోచింపవలసిన సంగతి.

ఆ సంస్థకు బిడ్డను తీసికొని వచ్చే ఒక తల్లి, తాను ఆరాధనకు వెళ్లుట మానివేశానని మన విద్యార్థినితో చెప్పిందట. వెళ్లిన ప్రతిసారి ఎవరో ఒకరు బిడ్డ తలపై చేయి ఉంచి ప్రార్థించి, చూపు రాకపోయేసరికి తల్లి విశ్వాసము చాలలేదని అనేవారట. ఇంకొందరు, ఏ పాపము దాచావమ్మా అని అడిగారట. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అడిగిన ప్రశ్న ఇదే. వీడును పాపము చేయలేదు, వీని కన్నవారును చేయలేదు అన్నట్టుగా ప్రభువు అక్కడనే ఆ మాటను త్రోసివేశాడు. ఆయన త్రోసివేసిన మాటను మనము మందిరములోనికి తెచ్చుట తగునా?

శుక్లములవలన పోయిన చూపు శస్త్రచికిత్సతో తిరిగి రావచ్చును. పసివారికి విటమిన్ ఏ చాలకపోతే కన్నులు చెడును. కాబట్టి ప్రార్థించుదము, వైద్యుని యొద్దకును తీసికొని వెళ్లుదము. చూపు తిరిగి రానివారిని మాత్రము మాటలతో పొడవకుందము.

3. వ్రేళ్లతో చదివిన వాక్యము

1809లో ఫ్రాన్సు దేశములో పుట్టిన లూయీ బ్రెయిలీ, తండ్రి పనిశాలలో మొనగల పనిముట్టు కంటికి తగిలి, పసితనములోనే రెండు కన్నులు పోగొట్టుకొన్నాడు. అటువంటి మొనతోనే కాగితముపై ఉబ్బెత్తు చుక్కలు వేసి చదివే లిపిని కనిపెట్టి, 1829లో ప్రకటించాడు. ఒక్కొక్క అక్షరమునకు ఆరు చుక్కల చోటు చాలును. మన దేశ భాషలకు 1951లో భారతీ బ్రెయిలీ ఏర్పడినది. అందులో కన్నడ "క"కును, తెలుగు "క"కును, హిందీ "క"కును అవే చుక్కలు.

ఆ సంస్థలో కన్నడములో చదువుకొన్న ఒక తెలుగు బాలిక ఉన్నది. మన విద్యార్థిని తెలుగు బైబిలు తెరచి 121వ కీర్తనను కూడబలుక్కుంటూ చదువగా, ఆ బాలిక పలకపై కాగితముంచి చుక్కలు గ్రుచ్చుకొన్నది. తరువాత కాగితము త్రిప్పి, ఎక్కడా తడబడకుండా వ్రేళ్లతో తెలుగు కీర్తన చదివి వినిపించినది. కన్నులున్న మన పిల్లలు ఎంతమంది అలాగు చదువగలరు? పరాయి భాషల నడుమ పెరిగే మన బిడ్డలకు తెలుగు అక్షరములు నేర్పుచున్నామా?

4. దారిలో వెంబడించినవాడు

చూపు పొందిన బర్తిమయి ఇంటికి వెళ్లిపోలేదు, ప్రభువు వెంట నడిచాడు. దారి ప్రక్కన కూర్చున్నవాడు దారిలో నడిచే శిష్యుడాయెను. మనమైతే చూపు లేని సహోదరునికి క్రిస్మస్‌కు ఒక దుప్పటి ఇచ్చి, వెనుక వరుసలో కూర్చుండబెట్టి, మన పని అయిపోయిందనుకొంటాము. అతడు వాక్యము చదువగలడు, ఆదివారపు బడిలో బోధింపగలడు, సంఘ కమిటీలో ఆలోచన చెప్పగలడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వ ఉద్యోగములలో ఇట్టివారికి స్థానము కేటాయించినది. సంఘము ఇంకను వెనుక వరుసయే చూపితే ఎలాగు?

మన యౌవనస్థులు పరీక్షలలో చూపు లేని విద్యార్థులు చెప్పినది చెప్పినట్టు వ్రాసిపెట్టవచ్చును. సంఘ ప్రకటనలను ఫోనుకు పంపితే, ఫోనే వారికి చదివి వినిపించును. అయితే వీటికి ముందు, మన వీధిలోనో మన సంఘములోనో ఉన్న అట్టివారి ఇంటికి ఈ వారమే వెళ్లి, మీకు మావలన ఏమి కావాలని అడుగుదము. వారు చెప్పేవరకు ఓపికతో విందుము.

ప్రార్థన: దారిలో నిలిచి విన్న ప్రభువా, నీతో నడుస్తూనే ఇతరుల నోరు మూయించకుండ మమ్మును కాపాడుము. ఆరాధన మానివేసిన తల్లులను, బిడ్డలను తిరిగి పిలుచుటకు మాకు ప్రేమగల నాలుకను, వినే చెవులను దయచేయుము. ఆమేన్.