అనుకృతి - వంచన

అనుకరణము మానవునికి సహజము. శిశువునకు మాటలు వచ్చుట అనుకరణముచేతనే. శిల్పి గురువు మలచిన బొమ్మను పదేపదే మలచియే విద్య నేర్చును. అట్లయినచో అనుకరణము ఎచ్చట దోషమగును? పేరుమోసిన స్పోర్ట్స్ కారునకు నకలుగా చేసిన కారు ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణము.

ఫెరారీ సంస్థ 1962-64 సంవత్సరములలో '250 జీటీవో' అను కార్లను 36 మాత్రమే నిర్మించినది. వానిలో ఒకటి 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలములో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. ఇట్టి ధర యెదుట ధనికుడును పేదవాడే. పొరుగింటి బాలుని బంగారుబండిని చూచి, తన మట్టిబండి వలదని ఏడ్చిన చారుదత్తుని కుమారుని దుఃఖము మృచ్ఛకటికముతో ముగియలేదు. వస్తువు ఒకని సొత్తైనను దాని సౌందర్యము చూచిన ప్రతివాని కన్నులలోను నిలుచును. దానిని సొంతము చేసికొనవలెనను కోరికనుండియే నకలు పుట్టినది. ఆ కోరిక నీచమైనది కాదు.

ఇందుకు కోబ్రా చరిత్రయే సాక్ష్యము. 1962లో కారల్ షెల్బీ అను అమెరికను ఇంగ్లండులో తయారైన ఏసీ కారులో ఫోర్డు ఇంజనును అమర్చి దానిని సృష్టించినాడు. ఆ దశాబ్దములో వెలువడిన అసలు కోబ్రాలు సుమారు వేయి. తరువాత వచ్చిన నకళ్లు అంతకు అనేక రెట్లు. విడిభాగములను తెప్పించుకొని, పని ముగిసిన సాయంకాలములలో తన షెడ్డులోనే చట్రము నిలిపి, ఫైబరుగ్లాసు తొడుగు బిగించి, ఏండ్లు శ్రమించి బండిని రోడ్డెక్కించువారు కలరు. అట్టివాని ఆనందము నకలు కాదు. ఎవరైన అడిగినచో, "ఇది అసలుది కాదు, నా చేతులతో కట్టినది" అని సగర్వముగా చెప్పును. అసలుదానిని కొన్నవానికి లేని గర్వమిది.

రెండవ రకమువాడు వేరు. 1984-88 మధ్య అమెరికాలో వెలువడిన పాంటియాక్ ఫియెరో అను చిన్న కారునకు ఇంజను సీట్ల వెనుక నుండుటచే దానికి ఫెరారీ రూపము తొడుగుట సులభమైనది. చిహ్నముతో సహా అన్నియు అతికింపవచ్చును. ఇతడు కోరునది వేగము కాదు. కూడలిలో తనపై పడు చూపు. ఆ చూపు మరియొకదానికి చెందినది.

టెనెసీ రాష్ట్రములో ఫెరారీ ఆకృతిగల తొడుగులను అమ్మిన ఒక వ్యాపారిపై ఆ సంస్థ దావా వేసినది. ఇవి నకళ్లని కొనువారికి తెలియునని అతని వాదము. 1991లో ఫెడరల్ అప్పీలు కోర్టు దానిని అంగీకరింపలేదు. కొన్నవాడు మోసపోకున్నను వీధిలో చూచువారు భ్రమపడుదురని తీర్పు భావము. ఒక న్యాయమూర్తి మాత్రము విభేదించిరి. కోర్టు చూచినది సంస్థ కీర్తిని. నీతి చూడవలసినది యజమాని మనస్సును. పగటివేషగాడు రాజువేషముతో వచ్చినపుడు జనులు వేషమని ఎరిగియే మెచ్చి బియ్యము పోయుదురు. వాడే ఆ వేషముతో కప్పము వసూలుచేయబూనినచో కళ నేరమగును.

వంచనవలన నష్టము వంచకునికే ముందు తగులును. బానెట్టు ఎత్తుమని ఎవరైన కోరుదురేమోయను భయము వానిని వీడదు. దేహమునకును ప్రమాదము కలదు: అసలు కారు బ్రేకులను, చట్రమును కర్మాగారము పరీక్షించును, ఇంట అతికినదానికి అతికినవాని కన్నే పరీక్ష. ఆకృతి వాగ్దానము చేసిన వేగమును బ్రేకులు భరింపలేకపోవచ్చును.

అమెరికాలో 2015 నాటి చట్టము నకలుకు కొంత చోటిచ్చినది. దాని నియమావళి 2022లో వెలువడినది. కనీసము 25 ఏండ్ల క్రిందటి కారు ఆకృతితో, హక్కుదారుల అనుమతితో, ఒక చిన్న సంస్థ ఏటా 325 వరకు చేసి అమ్మవచ్చును. కొత్త కార్లకు విధించిన పెక్కు భద్రతానియమములు వానికి వర్తింపవు. కాని ఇది నకలని తెలుపు శాశ్వతమైన పట్టీ బండికి ఉండవలెను. ఆ షరతు న్యాయమైనది. అయినను వీధిన పోవువారు పట్టీ చదువరు. మెచ్చుకొనుచు దగ్గరకు వచ్చినవానికి అది చెప్పలేని మాటను యజమానియే చెప్పవలెను. చెప్పినచో అతని బండి అనుకృతి. మౌనము వహించినచో వంచన.