కొసరుకు వెల కట్టవచ్చునా?



కొసరు అను మాట మనకును ఇక్కడి తమిళ సోదరులకును ఉమ్మడి ఆస్తి. మనము కొసరు అందుము, వారు కొసురు అందురు. కిలో వంకాయలు తూచిన తరువాత కూరలామె గుప్పెడు కరివేపాకు, రెండు పచ్చిమిరపకాయలు సంచిలో పడవేయును చూడండి, అదియే కొసరు. దానిని ఎవరును తూచరు, లెక్క వ్రాయరు. అసలు కంటె కొసరు ముద్దు అని మన పెద్దలు ఊరక అనలేదు.

ఇప్పుడు ఈ కొసరుకు వెల వచ్చినది. ధర్మపురి మీదుగా సేలమునకును బెంగుళూరుకును పోవు 44వ నంబరు జాతీయ రహదారి వెంబడి ఫాస్ట్ ఫుడ్ దుకాణములు పెరిగినవి. వాటిలో కొన్నింట టమోటా సాసు ప్యాకెట్ ఇంకొకటి అడిగినచో బిల్లులో చేరుచున్నది. మయొనైజ్ చిన్న గిన్నె ఒకటి అదనమైతే దానికొక ధర. పార్శిల్ తీసికొనువారు రెండవ చట్నీ అడిగినను అంతే. మన సంఘములలోని యౌవనులు కొందరు దీనిని గూర్చి వాదించుకొనుట విన్నాను. ఇది దోపిడి అని ఒకరు, వ్యాపారమన్న తరువాత ప్రతి వస్తువుకు వెల ఉండదా అని మరియొకరు. పదిరూపాయల సంగతికి ఇంత చర్చ ఎందుకని నాకును మొదట తోచినది గాని, ఆలోచించిన కొలది ఇది పదిరూపాయలతో తీరునది కాదని తెలియుచున్నది.

మనము నివసించు ఊరి సంగతి ముందు ఒక మాట. ధర్మపురి అనగానే ఆంధ్ర, తెలంగాణ బంధువులు గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి అనుకొందురు. మన ధర్మపురి వేరు. దీని పూర్వనామము తగడూరు. సంగకాలమునందు అధియమాన్ అను రాజు ఇక్కడనుండి ఏలెను. దీర్ఘాయువునిచ్చు అరుదైన ఉసిరికాయ ఒకటి అతనికి దొరకగా, తాను తినక అవ్వైయార్ అను కవయిత్రికి ఇచ్చెనని తమిళులు నేటికిని చెప్పుకొందురు. ఉసిరికాయను మనమైతే ఊరగాయ పెట్టి అన్నములో నంజుకొందుము. నంజుకొను కాయను దానమిచ్చి పేరు పొందిన రాజుగారి ఊరిలో నంజుకొను వస్తువును గూర్చి తగవు వచ్చుట కొంత విచిత్రమే.

హోటలు యజమాని పక్షము ముందుగా విందము. అతడును మన పొరుగువాడే, కొన్ని చోట్ల మన సంఘ సభ్యుడే. గ్యాసు, నూనె, అద్దె, పనివారి జీతము, ఏదియు నిలిచియుండుట లేదు. 2019 జనవరి 1 నుండి తమిళనాడులో ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను నిషేధించిరి. మునుపు పలుచని కవరులో సాంబారు పోసి ముడివేసి ఇచ్చినవాడు, చట్టము ప్రకారము నడచుకొనదలచినచో వేరు డబ్బా కొనవలెను. ఇక కొందరు తినుటకు రెండు సాసు ప్యాకెట్లు చాలినను పది తీసికొని చేతిసంచిలో వేసికొందురు. చట్నీ గిన్నెనిండ పోయించుకొని సగము ఆకులోనే వదలువారు ఇంకెందరో. ఈ ఖర్చు ఎవరిమీద పడును? సాసు ముట్టని వానిమీద కూడ పడును. ఊరక ఇచ్చినది ఊరక వచ్చినది కాదు. అసలు ధరలో అది దాగియున్నది. కాబట్టి తిన్నవాడే చెల్లించవలెను, తిననివాడు చెల్లించనక్కరలేదు అనుటలో ఒక న్యాయమున్నది. దీనిని నేను తేలికగా కొట్టివేయలేను.

అయితే ఖర్చు పెరిగినది గనుక వెల పెట్టితిమి అను మాట ఎల్లప్పుడు పూర్తి నిజము కాదు. మన జిల్లాలోని పాలక్కోడు టమోటాలకు పేరుపొందినది. పంట ఎక్కువైన దినములలో కోతకూలి కూడ రాక రైతు కాయను చెట్టుననే వదలివేయును. 2023 జూలైలో దేశమంతట టమోటా కిలో వంద దాటినది. ఉత్తర, తూర్పు భారతములోని మెక్‌డొనాల్డ్స్ దుకాణములు కొన్ని తమ తిండిలోనుండి టమోటానే తీసివేసినవి. ఆ సంవత్సరమే సబ్‌వే వారు అంతవరకు ఉచితముగా వేసిన చీజు ముక్కకు 30 రూపాయలు అడుగ మొదలిడిరి. సరే, ధరలు మండినప్పుడు వెల పెంచిరి అనుకొందము. పాలక్కోడులో టమోటా నేలపాలైన దినమున సాసు ప్యాకెట్ వెల తగ్గుట ఎవరైనను చూచిరా?

ఇంతకంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. కారులో వచ్చి బర్గర్ తినువానికి సాసు రుచి మాత్రమే. సాయంకాలము పని దిగి వచ్చి బస్టాండు దగ్గర పరోటా కొట్టులో కూర్చుండు కూలివానికి సాల్నా రుచి కాదు, అది ఆహారము. రెండే పరోటాలు కొని, చిన్న ముక్కలుగా తుంచి, మూడు నాలుగు గరిటెల సాల్నా పోయించుకొని, అవి నానినప్పుడు కడుపు నింపుకొనును. నాలుగు ఇడ్లీలకు డబ్బు లేనివాడు రెండు ఇడ్లీలు సాంబారులో ముంచి తిని లేచును. అడుగకముందే గరిటె పట్టుకొని వచ్చు సర్వరు అతనికి చేయు మేలు బిల్లులో కనబడదు. ఆ గరిటెకు వెల కట్టిన దినమున కారువాడు గమనించను కూడ గమనించడు. ఈ మనుష్యుడు మాత్రము తక్కువ తిని లేచిపోవును. అడుగుటకు సిగ్గుపడి లేచిపోవును గనుక ఆ సంగతి యజమానికి కూడ తెలియదు.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. 1876-78 మహాకరువులో ధర్మపురి సేలము జిల్లాలోని భాగము. ఆ జిల్లా మిక్కిలి దెబ్బతిన్నది. కరువు పనులలో మన్ను మోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు ప్రభుత్వములో వైద్యాధికారియైన డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించెను. ధాన్యము ఒకటిన్నర పౌను ఉండవలెననియు, దానితో పప్పు, కూరగాయలు కూడ ఉండవలెననియు ఆయన వాదము. ఒంటి గింజతో మనిషి బ్రదుకడని ఆ వైద్యునికి తెలియును. కొన్ని నెలల తరువాత ప్రభుత్వము ధాన్యము కొంత పెంచి పప్పు కూడ చేర్చవలసి వచ్చినది. అన్నము ప్రక్కన ఉండునది భోజనములో భాగమా, కాదా? ఆనాడు ఈ ప్రశ్న మీదనే ప్రాణములు ఆధారపడెను.

మన తెలుగు బాప్తిస్టు సంఘముల చరిత్ర ఆ కరువును తప్పించి చెప్పలేము. ఒంగోలులోనున్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల త్రవ్వకమును కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బాప్తిస్మము కోరి వచ్చినవారు వేలకు వేలు ఉన్నను, కరువు సహాయము సాగినంత కాలము ఆయన ఎవరికిని ఇవ్వలేదు. అది ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ లెక్కను మనము సభలలో గర్వముగా చెప్పుకొందుము. దానికి ముందున్న నెలలను అంతగా తలంచుకొనము. పెట్టిన కూటికి ఏ విధమైన వెలయు అంటకూడదని ఆయన కాచుకొనిన నెలలవి.

లేఖనములు ఏమి చెప్పుచున్నవి? ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చివర ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది, ప్రసంగములలో అరుదుగా వినబడును. పొరుగువాని ద్రాక్షతోటలో ప్రవేశించినవాడు ఇష్టము తీర, కడుపునిండ తినవచ్చును గాని పాత్రలో వేసికొని పోరాదు. పొలములో వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును గాని కొడవలి వేయరాదు. ఇది ఇరువురిని కట్టివేయు ఆజ్ఞ. తోట యజమాని గెల గెలకు వెల అడుగరాదు. దారిన పోవువాడు బుట్ట తేరాదు. సాసు ప్యాకెట్లు గుప్పెళ్లతో సంచిలో వేసికొనువారు ఈ పాత్ర మాటను గమనించవలెను. కూర్చుండి తినువానికి రెండవ గరిటె, ఇంటికి పట్టుకొనిపోవువాని నాలుగవ డబ్బా ఒకటి కావు. రెండవదానికి వెల అడుగుటలో నాకు తప్పు కనబడదు.

అయితే రూతు సంగతి చూడండి. ఆమె మోయాబునుండి వచ్చిన వలస స్త్రీ. మనవలెనే భాష వేరైన చోట బ్రదుకవచ్చినది. బోయజు భోజనవేళ ఆమెను దగ్గరకు పిలిచి రొట్టె తినుమని చెప్పి ఊరకుండలేదు, ముక్కను చిరకలో ముంచుకొనుమని కూడ చెప్పెను. చిరక అనగా నంజుకొను పులుపు. పరదేశికి రొట్టె పెట్టుట ధర్మము. తాను నంజుకొను గిన్నెలో ఆమెకు చోటిచ్చుట ఆమెను తన బంతిలో చేర్చుకొనుట. ఆమె తృప్తిగా తినగా మిగిలెను. ఆ మిగిలినది ఇంటికి తీసికొనిపోయి అత్తకు పెట్టెను. పాత్ర తేకూడదన్న ఆజ్ఞ ఎరిగిన ఇశ్రాయేలులోనే ఇది జరిగినది, ఎవరును ఆమెను ఆపలేదు. పిలిచి పెట్టినవాని చేతిలో కొలత వేరుగా ఉండును.

చట్టము ఎంతవరకు పోగలదో మన పొరుగు జిల్లాల వైపుననే చూడవచ్చును. 2022 నవంబరులో విలుప్పురములో ఒకరు వృద్ధాశ్రమములోని వారికొరకు 25 భోజనములు పార్శిల్ కట్టించిరి. ఒక్కొక్కటి 80 రూపాయలు, ఊరగాయతో కలిపి 11 రకములని మాట. తీరా విప్పి చూడగా ఊరగాయ లేదు. రూపాయి చొప్పున 25 రూపాయలు తిరిగి ఇమ్మని అడుగగా హోటలువారు ఇయ్యలేదు. 2024 జూలైలో వినియోగదారుల న్యాయస్థానము ఆ 25 రూపాయలతో పాటు పరిహారము, ఖర్చులు కలిపి 35,000 చెల్లింపుమని తీర్పు చెప్పినది. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషను, ముందుగా చెప్పక బిల్లు దగ్గర చేతిసంచికి డబ్బు అడుగుట అన్యాయమని చెప్పినది. ఇవి మంచి తీర్పులే. చెప్పినది ఇయ్యవలెను, అడుగబోవు వెల ముందే చెప్పవలెను. కౌంటరు మీద బోర్డు పెట్టి, సాసు ఇంత అని వ్రాసి అమ్మువానిని మోసగాడనుటకు మనకు హక్కు లేదు. కాని ఏ న్యాయస్థానమును రెండవ గరిటె సాంబారు పోయుమని ఆజ్ఞాపించలేదు. అది చట్టము చేరలేని చోటు.

ప్రభువు పరిసయ్యులతో మాటలాడినప్పుడు పుదీనా, సోపు, జీలకర్రలను ఎత్తి చూపుట ఈ సందర్భములో నాకు పదే పదే జ్ఞాపకము వచ్చుచున్నది. అవి నంజుడు దినుసులే. వాటిలో దశమభాగము లెక్కగా చెల్లించి, న్యాయమును కనికరమును విశ్వాసమును వదలివేసిరని ఆయన చెప్పెను. దీనిని వాడు ప్రతి యజమాని మీద వేయవచ్చును, తినువాని మీదను వేయవచ్చును. సాసు ప్యాకెట్ కొరకు కౌంటరు వద్ద గొంతెత్తు మనము, ఆ కౌంటరు వెనుక నిలిచిన బాలుడు ఒడిశానుండియో బీహారునుండియో వచ్చి ఎన్ని గంటలు నిలువబడుచున్నాడో అడిగితిమా? వెల నిర్ణయించినది అతడు కాదు. తిట్లు మాత్రము అతనివి.

మనలో హోటలు, మెస్సు నడుపువారికి నా మనవి ఇది. ఖర్చు పెరిగినచో ఇడ్లీ ధర, భోజనము ధర పెంచి బోర్డుమీద వ్రాయండి. వ్రాసినదానిని చూచి రావలెనో వద్దో మనిషి నిర్ణయించుకొనును. కూర్చున్నవాని సాంబారు, చట్నీ, ఉప్పు, మంచినీళ్లు వీటిని మాత్రము లెక్కలోనికి తేవద్దు. పార్శిల్ అదనపు డబ్బాలకు, చీజు, మయొనైజ్ వంటి వాటికి మీ ఇష్టము. ఇందులో మీకు కొంత నష్టము వచ్చునని నాకు తెలియును. ప్రతి ఊరిలోను గరిటె వెనుకాడని హోటలు ఒకటి నిండియుండుట కూడ చూచుచునేయున్నాము.

హోటళ్లను గూర్చి ఇంత వ్రాసి మన బంతిని విడిచిపెట్టుట సరికాదు. బంతిలో వలపక్షము అని మన తెలుగువారు ఒక దోషమునకు పేరే పెట్టిరి. మన వార్షిక సభల భోజనములలో మొదటి బంతిలో అతిథులును పెద్దలును కూర్చుందురు, వారి ఆకుల యొద్దకు ఊరగాయ బకెట్టు మూడుసార్లు వచ్చును. చివరి బంతిలో వండినవారు, వడ్డించినవారు, వ్యాను డ్రైవర్లు, దూరపు శాఖలనుండి ఆలస్యముగా చేరిన కుటుంబములు. అప్పటికి అన్నము ఉండును, చారు ఉండును. ఊరగాయ, అప్పడము, పెరుగు అయిపోయియుండును. ఈ సంవత్సరము వంట కమిటీవారు ఊరగాయ జాడీలలో ఒకదానిని మూత విప్పక చివరి బంతికి ప్రక్కన పెట్టగలరా?