అడుగని ఉపకారము

మేలు చేయుటకు మేలు పొందువాని సమ్మతి కావలెనా? ఈ ప్రశ్న నీతివిచారమునకు క్రొత్తది కాదు. బిడ్డకు మందు పోయు తల్లి బిడ్డ సమ్మతిని అడుగదు. అడుగనందుకు ఆమెను ఎవరును తప్పుపట్టరు. కాని పెరిగి పెద్దయై తన సంసారమును తాను దిద్దుకొనుచున్న మనుష్యునకు నిద్రలో నోరు తెరచి మందు పోసినచో, అది దివ్యౌషధమే యైనను, ఆ పనిని వైద్యమని మనము అనము. ఈ పాత ప్రశ్న నేడు స్మార్ట్‌ఫోను మూలమున ప్రతి గృహమునందును నిత్యానుభవమైనది.

రాత్రి పండుకొనునపుడు ఒక తీరుగా నున్న ఫోను తెల్లవారునప్పటికి మరియొక తీరుగా నుండుట మనమందరము ఎరిగినదే. దీనిని అప్‌డేట్ అందురు. తయారుచేసినవారు దూరమున నుండియే ఫోనును నడపు సాఫ్ట్‌వేరును మార్చి పంపుదురు. 2016లో వెలువడిన ఆండ్రాయిడ్ 7 నాటినుండి అనేక ఫోనులలో ఈ వ్యవస్థకు రెండు ప్రతులుండు ఏర్పాటు కలదు. ఒక ప్రతితో మనము పని చేసికొనుచుండగా రెండవ ప్రతిలో క్రొత్తది నిశ్శబ్దముగా అమరును. ఫోనును ఆపి మరల ఆరంభించినంతనే అది గద్దె నెక్కును. ఏర్పాటు నేర్పు గలదే. కాని సొమ్ము పెట్టి కొన్నవానికి తెలియకుండ, వాని ఇంటిలోనే మరియొక ఇల్లు కట్టబడుచున్నదనుటయు నిజమే.

ఇట్లు తమంతట తాము వచ్చు మార్పులను ఆపుట న్యాయమా, మౌఢ్యమా?

ఆపరాదనువారి వాదము బలమైనది. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము దేశదేశముల కంప్యూటర్లను బంధించి విడుదలకు డబ్బు కోరెను. బ్రిటనులో ఆస్పత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. అది ప్రవేశించిన కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే, ఇచ్చియుండెను. వేసికొననివారి యంత్రములనుండియే ఆ తెగులు పొరుగు యంత్రములకు ప్రాకినది. ఫోను విషయమునను న్యాయమిదియే. తన తలుపు తెరచియుంచువాడు తన సొమ్మునే గాక, తన్ను నమ్మి నంబరును, ఉత్తరములను, ఛాయాచిత్రములను ఇచ్చినవారి గుట్టును గూడ దొంగ కప్పగించుచున్నాడు.

ఆపవలెననువారి వాదమును తేలికైనది కాదు. పాతబడిన బ్యాటరీ గల ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండుటకై అప్‌డేట్ ద్వారా వాటి వేగమును తగ్గించుచున్నట్లు 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థ ఒప్పుకొనెను. క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్చుటకు తీసికొను 79 డాలర్లను 29 డాలర్లకు తగ్గించెను. 2018 అక్టోబరులో ఇటలీ దేశపు పోటీ పర్యవేక్షణ సంస్థ, ఫోనులను మందగింపజేసిన అప్‌డేట్ల విషయమున, ఆపిల్‌కు 1 కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా విధించెను. 2025 జనవరిలో గూగుల్ సంస్థ పిక్సెల్ 4ఏ ఫోనులకు తానే ఒక అప్‌డేట్ పంపి, వాటిలో కొన్నిటి బ్యాటరీ నిలువశక్తిని తగ్గించెను. బదులుగా ఉచితముగా బ్యాటరీ మార్పునో, పరిహారమునో ఇవ్వజూపెను. ఇచటి ఉద్దేశములన్నియు చెడ్డవని చెప్పజాలము. ఫోను ఆగిపోకుండ కాపాడుట మేలే కదా! దోషము మేలు చేయుటలో లేదు, చెప్పకపోవుటలో నున్నది. మన ఇంటి దూలము పుచ్చినదని తెలిసిన మేస్త్రీ ముందుగా మనతో చెప్పవలెను గాని, మనము నిద్రించుచుండగా మేడమీది గదిని మూసివేసి పోరాదు.

ఈ ఉభయవాదములను ఒక్కచోట చూపు ఉదంతము మన లిపి చుట్టునే జరిగినది. 2018 ఫిబ్రవరిలో, 11.2.5 సాఫ్ట్‌వేరు గల ఐఫోనులలో, జ్ఞానము అను మాటలోని మొదటి అక్షరమైన 'జ్ఞా' ఒక అదృశ్యసంకేతముతో కూడి వచ్చినచో, దానిని చూపబోయిన యాప్ అక్కడికక్కడే కూలిపోవుచుండెను. తెలుగు ముక్క యెరుగనివారు గూడ అల్లరికై ఆ అక్షరమును ఒకరికొకరు పంపుకొనిరి. రాష్ట్రము వెలుపల స్థిరపడి, బంధువులకు నాలుగు తెలుగు మాటలు ఫోనులోనే వ్రాసికొను మనకు ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతి కాదు. ఆపిల్ సంస్థ అదే నెల 19వ తేదీన 11.2.6 అను సవరణతో దానిని చక్కజేసెను. ఆ దోషము సాఫ్ట్‌వేరు చేసినవారి చేతినుండియే వచ్చినది. ఆ నివారణయు అచటినుండియే వచ్చినది. కనుక వచ్చినదెల్ల మేలని నమ్ముటయు తప్పే, వచ్చినదాని నెల్ల త్రోసివేయుటయు తప్పే.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. అప్‌డేట్ అను ఒక్క మాట క్రింద రెండు వేర్వేరు పనులు దాగియున్నవి. ఒకటి మరమ్మతు, రెండవది మార్పు. కంతను పూడ్చుట మరమ్మతు. బొమ్మల చోటు మార్చుట, వాడుకయైన సదుపాయమును తీసివేయుట, అడుగని దానిని చేర్చుట మార్పు. ఈ రెంటిని ఒకే పొట్లములో కట్టి పంపుటయే అన్యాయమునకు మూలము. మందు కావలెనన్న వాడు చేదునే గాక, అంగడివాడు అంటగట్టిన సరకును గూడ మోయవలసి వచ్చుచున్నది. పైగా వెనుకకు మరలు దారియు లేదు. ఐఫోనునకు క్రొత్త రూపము వచ్చిన కొలదికాలమునకే పాతదానికి ఆమోదముద్ర వేయుట సంస్థ మానును. పాత కంతలు మరల తెరచుకొనరాదనుట ఇందుకు కారణమే. కాని తిరుగు దారి లేని ప్రయాణమునకు ముందుగా అడుగుట మరింత అవసరము కదా!

ఆపు ఉపాయములు లేకపోలేదు. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అను వరుసలో ఆటోమేటిక్ అప్‌డేట్స్ అనుదానిని ఆపవచ్చును. ఆండ్రాయిడ్ ఫోనులలో యాప్‌ల మార్పును ప్లే స్టోరు సెట్టింగ్స్‌లో ఆపవచ్చును. ఫోను వ్యవస్థకు సంబంధించిన మీట మాత్రము అనేక ఫోనులలో డెవలపర్ ఆప్షన్స్ అను చాటుగదిలో నుండును. ఆ గది తెరచుకొనుటకు బిల్డ్ నంబరు అనుదానిని 7 మార్లు తట్టవలెను. తన వస్తువు విషయమున తాను 'వద్దు' అనుటకు మనుష్యుడు ఏడుమార్లు తలుపు తట్టవలసి వచ్చుట ఆలోచింపదగినది.

అయితే ఆపుట వేరు, మానుట వేరు. కావలివానిని మాన్పించినవాడు కావలి పనిని తన మీద వేసికొనవలెను. స్వయంచలితమైన మార్పును ఆపినవాడు నెలకొకమారైనను తానే చూచి, ఏమి వచ్చినదో చదివి, రక్షణకు సంబంధించిన దానిని ఆలసింపక వేసికొనవలెను. ఆ ఓపిక లేనివాడు ఆపకుండుటయే మేలు. అధికారమును కోరి బాధ్యతను త్రోసివేయుట స్వేచ్ఛ కాదు.

ఈ ధర్మము సంస్థలకే కాదు, మన కుటుంబములకును చెందును. తాతగారి ఫోనును మనుమడు సరిచేయుట నేడు ఇంటింట నున్నది. ఏ బొమ్మను నొక్కిన దూరదేశమందలి కూతురు పలుకునో ఆ వృద్ధుడు ఎంతో శ్రమతో నేర్చుకొనియుండును. అది ఒక్క రాత్రిలో చోటు మారినచో ఆయనకు కూతురి పలుకే దూరమగును. 'తాతగారూ, దీనిని మార్చనా? మార్చినచో ఇట్లుండును' అని అడిగి, క్రొత్త చోటును చూపి, ఆయన తానుగా నొక్కువరకు ప్రక్కన కూర్చుండుటకు పది నిమిషములు చాలును. మనుమడు తాతకు చూపదగిన ఈ మర్యాదనే, ఎంత పెద్ద సంస్థయైనను తన వస్తువును కొన్నవానికి చూపవలెను.